గోత్‌లు కట్టని గోతిక్
మెదక్ చర్చి నుంచి కరీంనగర్ గడీల దాకా... ఒక తిట్టు లోకం చుట్టిన కథ

క్రిస్మస్ వచ్చిందంటే కరీంనగర్, సిద్దిపేటల నుంచి మెదక్ దారి పట్టే జనం ఎందరో. చర్చిలో అడుగు పెట్టగానే ఎవరి చూపైనా పైకే పోతుంది. కొసదేలిన కమానులు, ఎత్తయిన స్తంభాలు, రంగుటద్దాల కిటికీల్లో క్రీస్తు జీవిత ఘట్టాలు. పగటి వెలుతురు ఉన్నంతసేపే ఆ బొమ్మలు. పొద్దుగూకితే లోపలివాళ్లకు మిగిలేది నల్లటి అద్దమే. కరువు రోజుల్లో క్రైస్తవ మిషనరీ పోస్నెట్ దొర పల్లె జనానికి పని చూపి, కూడు పెట్టి కట్టించిన ఈ చర్చి 1924 డిసెంబర్ 25న ప్రారంభమైంది. గోపురం ఎత్తు 175 అడుగులు. శైలి ఏమిటంటే అందరూ చెప్పేది ఒకటే: గోతిక్.

ఇంతకీ ఎవరీ గోత్‌లు? క్రీ.శ. 410లో అలారిక్ నాయకత్వాన రోమ్ నగరాన్ని దోచుకున్న జర్మానిక్ తెగవాళ్లు. ఈ శైలికీ వాళ్లకూ సంబంధమే లేదు. వాళ్ల చివరి రాజ్యం కూలిన నాలుగు వందల ఏళ్లకు, 1140 ప్రాంతంలో పారిస్ దగ్గరి సెయింట్ డెనిస్‌లో ఇది రూపు కట్టింది. 16వ శతాబ్దంలో వసారి వంటి ఇటలీ పండితులు ‘మొరటు కట్టడాలు’ అని ఈసడిస్తూ దీనికి గోత్‌ల పేరు అంటగట్టారు. లండన్‌లో సెయింట్ పాల్స్ కట్టిన క్రిస్టఫర్ రెన్ మాత్రం దీన్ని అరబ్బుల శైలి అనడమే న్యాయమన్నాడు. 1591 నాటి చార్మినార్ కమానులు చూసి పెరిగిన మనకు ఆ మాట వింతేమీ కాదు.

ఇంగ్లిష్‌లో భయం

1764లో హొరేస్ వాల్‌పోల్ ‘ది క్యాజిల్ ఆఫ్ ఒట్రాంటో’ నవల వెలువరించి, రెండో ముద్రణలో దాన్ని ‘గోతిక్ కథ’ అన్నాడు. పాత కోట, తాతల పాపం, తీరని పగ... అప్పట్నుంచి భయపెట్టే కథలన్నీ ఆ ఖాతాలోకే చేరాయి. మన ‘అరుంధతి’ (2009) ఆ కోవలోదే. 1980లలో నల్లబట్టలు తొడిగి చీకటి పాటలు పాడిన కుర్రకారూ గోత్‌లే. అచ్చు అక్షరాల్లో మరీ చిత్రం: కొన్ని ఇంగ్లిష్ పత్రికల పేర్లు రాసే పాతకాలపు వంకుల అక్షరమూ గోతిక్కే, ఏ వంపూ లేని ‘ఫ్రాంక్లిన్ గోతిక్’ లాంటి సాదా అక్షరమూ గోతిక్కే.

కోట కథలు మన జిల్లాలకు కొత్తా? దొర గడీ ముందు చెప్పులు చేతబట్టి నడిచిన తరం ఇక్కడిది. 1978లో రైతు కూలీల జగిత్యాల జైత్రయాత్ర తర్వాత ఎందరో దొరలు ఊళ్లు విడిచారు, గడీలు పాడుబడ్డాయి. వాల్‌పోల్ కోటలో దయ్యం కల్పన. గడీలో వెట్టి నిజం.

స్పానిష్‌లో వంశం

స్పెయిన్‌ను 711 దాకా ఏలింది గోత్‌లలో ఓ శాఖైన విసిగోత్‌లే. అందుకే అక్కడి గొప్పింటివాళ్లు ‘మేం గోత్‌ల వారసులం’ అని మీసం మెలేసేవారు. సముద్రం దాటేసరికి మాట తిరగబడింది. 19వ శతాబ్దపు స్వాతంత్ర్య పోరాటాల్లో లాటిన్ అమెరికా జనం స్పెయిన్ రాజు మనుషులను ‘గోదో’లని తిట్టారు. కొలంబియాలో సంప్రదాయ పార్టీవాళ్లకు ఆ పేరు అలాగే నిలిచిపోయింది. కానరీ దీవుల్లోనైతే స్పెయిన్ నుంచి వచ్చి పెత్తనం చేసేవాడు గోదో. మన ‘దొర’ మాటలాగే, పలికే గొంతును బట్టి మర్యాద, ఎత్తిపొడుపు.

ఇటలీవాళ్లు తిట్టారు, ఇంగ్లిష్‌వాళ్లు భయపెట్టారు, స్పెయిన్‌వాళ్లు గర్వించారు. ఎవరి అవసరం వాళ్లది. గోత్‌లను అడిగినవాడు లేడు. మెదక్ చర్చికీ అంతే. నమూనా సీమ నుంచి వచ్చింది, రాళ్లు మోసింది మాత్రం కరువులో కూలికి వచ్చిన మన పల్లె జనం. ఈసారి అక్కడికి వెళ్లినప్పుడు పిల్లలకు శైలి పేరుతోపాటు ఆ కూలీల సంగతి కూడా చెప్పండి.