నల్లచుక్కల నలుపు ఎక్కడిది?

రేడియోలో పనిచేయు మాకు ముఖముతో పని తక్కువ. శ్రోతకు చేరునది కంఠమే గాని ముఖము కాదు. అయినను కొన్నేండ్ల క్రిందట యువజన కార్యక్రమమున పాడుటకు వచ్చిన ఒక అమ్మాయి ముఖము మాకు ఇప్పటికిని జ్ఞాపకమున్నది. తన వంతు వచ్చువరకు కూర్చున్నంతసేపును ఆమె ఎడమచేతిని ముక్కుపైనుండి తీయలేదు. "ఏమమ్మా, ముక్కుకేమయినది?" అని అడిగితిమి. "నల్లచుక్కలున్నాయని మా మేనత్త తలపిన్నుతో తీసిందండీ. ఎల్లుండి పెళ్ళిచూపులు" అని చెప్పి తల వంచుకొన్నది. చేయి తొలగింపగా ముక్కు ప్రక్కన ఎఱ్ఱగా వాచి, చీము పట్టిన పుండు కనబడినది.

మేనత్త చేసినది ప్రేమతోనే. తప్పు ఆమె ఉద్దేశమున లేదు. ఆ నలుపును మురికి యనుకొనుటలో ఉన్నది. నేడు ఇంటింటను 'బ్లాక్‌హెడ్స్' అని పిలువబడుచున్న ఈ నల్లచుక్కల విషయమున మనము చేయు పొరపాట్లలో అధికభాగము ఆ ఒక్క భ్రమనుండియే పుట్టుచున్నవి.

ముందుగా ఆ చుక్క యెట్లు ఏర్పడునో చూతము. మన ముఖచర్మముపై కంటికి కనబడనంత సన్నని రంధ్రములు అసంఖ్యాకముగా ఉన్నవి. ఒక్కొక్క రంధ్రము ఒక్కొక్క రోమమునకు మూలస్థానము. దాని ప్రక్కన అంటియుండు చిన్న గ్రంథి ఒక విధమైన జిడ్డును తయారుచేసి, ఆ రంధ్రము గుండ పైకి పంపుచుండును. ముఖముపై చదరపు సెంటీమీటరు మేరలో ఇట్టి గ్రంథులు 400 మొదలు 900 వరకు ఉండునని శాస్త్రజ్ఞులు లెక్కించిరి. ముక్కు, నుదురు, గడ్డము జిడ్డుగా ఉండుటకు కారణమిదియే. ఈ జిడ్డు చర్మము ఎండిపోకుండ కాపాడును. అది మనకు శత్రువు కాదు.

పది పండ్రెండేండ్ల వయసు దాటి యౌవనము ప్రవేశించునప్పుడు శరీరములో పుట్టు హార్మోనుల ప్రేరణచే ఈ గ్రంథులు పెద్దవై, జిడ్డును ఎక్కువగా స్రవించును. అదే సమయమున రంధ్రము లోపలి గోడనుండి రాలవలసిన మృతకణములు సరిగా రాలక, ఒకదానికొకటి అంటుకొని, జిడ్డుతో కలసి బిరడావలె బిగిసికొనును. రంధ్రము పైన మూసికొని యున్నచో అది తెల్లని చిన్న పొక్కువలె కనబడును. రంధ్రము నోరు తెరచుకొని యున్నచో బిరడా పైకొనకు గాలి తగులును. అప్పుడది నల్లబడును.

ఈ నల్లబడుటయే అసలు రహస్యము. వంకాయను కోసి పళ్ళెములో ఉంచినచో కొంతసేపటికి ముక్కలు నల్లబడును గదా. వంటింటి మురికి వచ్చి వానికి అంటుకొన్నదని ఏ ఇల్లాలును అనుకొనదు. గాలి తగిలి రంగు మారినదని ఎరిగి, ముక్కలను ఉప్పునీటిలో వేయును. నల్లచుక్కయు ఇంచుమించు అట్టిదే. ఆ బిరడాలోని మృతకణములలో చర్మమునకు రంగునిచ్చు మెలనిన్ అను పదార్థము ఉన్నది. ఆ మెలనినును, గాలి సోకిన జిడ్డును కలసి పైకొనకు నలుపు నిచ్చుచున్నవి. బిరడా దానంతట అది ఊడివచ్చినప్పుడు చూచినచో పైకొన మాత్రమే నల్లగాను, మిగిలిన భాగము లేతపసుపుగాను ఉండును. వీధి దుమ్ము లోపల దూరినందువలన వచ్చిన నలుపు కాదు గనుకనే, ఎంత కడిగినను అది పోదు.

పూర్వకాలపు ఐరోపావారు దీనిని ఇంతకంటె వింతగా అర్థము చేసికొనిరి. నొక్కినప్పుడు బయటికి వచ్చు తెల్లని పోగును చూచి, చర్మమును తినుచున్న పురుగని భ్రమించిరి. వైద్యులు నేటికిని ఈ చుక్కకు వాడు 'కామెడో' అను పేరు, తినివేయుట అను అర్థముగల లాటిన్ మాటనుండి వచ్చినదే. మన ఆయుర్వేదము ఈ విషయమున మరికొంత నిదానించి చూచినది. సుశ్రుతసంహిత ముఖముపై వచ్చు ఇట్టి పొక్కులను యౌవనమునకు సంబంధించినవిగా గుర్తించి, వానిని బూరుగుచెట్టు ముళ్ళతో పోల్చినది. వయసును బట్టి వచ్చు మార్పు గాని పిల్ల అపరిశుభ్రతకు గుర్తు కాదని మన పెద్దలకు ఏనాడో తెలియుననుటకు ఆ పేరే చాలును.

నలుపు మురికి కాదని తెలిసినచో చేయకూడని పనులేవో వానంతట అవే తేలును. మొదటిది గట్టిగా రుద్దుట. సున్నిపిండిగాని శనగపిండిగాని నీటితో కలిపి మెత్తగా రాచి కడిగికొనుటలో దోషము లేదు. చర్మము మండువరకు రుద్దుటయు, పంచదారలో నిమ్మరసము పిండి రాయుటయు, వంటసోడా పూయుటయు హానికరములు. ఆరోగ్యమైన చర్మమునకు స్వల్పమైన ఆమ్లగుణము ఉన్నది; సోడా దానిని చెరచును, నిమ్మరసము మితిమీరిన ఆమ్లముతో కాల్చును.

రెండవది గోటితోను, పిన్నుతోను నొక్కుట. నొక్కినప్పుడు బిరడాలో కొంత పైకి వచ్చినను, కొంత రంధ్రపు గోడను చీల్చుకొని లోనికి పోవును. అంతవరకు నొప్పిలేని చుక్క అప్పుడు వాచిన మొటిమ యగును. ముక్కునకు, పైపెదవికి చుట్టునున్న సిరలకు తల లోపలి సిరలతో సంబంధము ఉన్నందున, అచ్చటి పుండునుండి దోషము లోనికి ప్రాకుట అరుదే యైనను అసంభవము కాదు. అన్నిటికంటె మనవారు గుర్తుంచుకొనవలసిన సంగతి మరియొకటి ఉన్నది. మనవంటి చామనచాయ చర్మముపై ఏ గాయము మానినను వెనుక నల్లని మచ్చ మిగులును. అది నెలల తరబడి ఉండును. ఆవగింజలో పదవవంతు లేని నలుపును తీయబోయి, కందిగింజంత నలుపును తెచ్చిపెట్టుకొనుట ఎంతటి నష్టమో ఆలోచింపుడు.

మూడవది అన్నిటికంటె ప్రమాదకరము. మందుల దుకాణములో అడిగి, ఇరుగుపొరుగువారు చెప్పిరని ఏదో క్రీము తెచ్చి పూయుట. ముఖము తెల్లబడునని, నున్నబడునని అమ్ముడగు కొన్ని క్రీములలో స్టెరాయిడ్ మందులు ఉండును. మొదటి వారములో ముఖము నిగనిగలాడును. పిదప చర్మము పలుచబడి, ఎఱ్ఱబారి, మొటిమలు గుంపులుగా లేచును. మానినచో మంట, పూసినచో హాని. ఈ దురవస్థ దేశమంతటను పెరుగుటచేతనే, చర్మముపై పూయు స్టెరాయిడ్ మందులను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని 2018లో భారత ప్రభుత్వము నియమము చేసినది. నియమము ఉన్నను జాగ్రత్త మనదే.

ఇక చేయవలసిన పనులు. ఉదయము, రాత్రి, చెమట పట్టిన పిదపను గోరువెచ్చని నీటితో, ఘాటులేని సబ్బుతో ముఖము కడుగుకొని, తువాలుతో అద్దుకొనవలెను. అంతకుమించి పదేపదే కడుగుట అనవసరము.

తలనూనె విషయమున మన ఇండ్లలో కొంత మార్పు అవసరము. 1970లో అమెరికాలోని చర్మవైద్యులు, తలకు జిడ్డుతైలములను విరివిగా రాచుకొనువారి నుదుటిపైనను కణతలపైనను ఇట్టి పొక్కులు ఎక్కువగా పుట్టుటను వర్ణించిరి. తలకు నూనె రాచిన చేతినే ముఖమునకు పులుముట మన అమ్మమ్మల అలవాటు. తలనూనె మానవలసిన పని లేదు. అది నుదుటిపైకి జారకుండ చూచుకొని, దిండు గలీబును తరచుగా ఉతికించినచో చాలును. ముఖమునకు పూయు క్రీముల విషయమున, రంధ్రములను మూయనివి అను అర్థముతో 'నాన్ కామెడోజెనిక్' అని డబ్బాపై ముద్రించిన వానిని ఎన్నుకొనవచ్చును.

ఇప్పటికే ఉన్న చుక్కలకు మందులు ఉన్నవి. శాలిసిలిక్ ఆమ్లము జిడ్డులో కరగి రంధ్రములోనికి పోయి బిరడాను వదులుచేయును. రెండు శాతము మించని ద్రావణము సాధారణముగా చాలును. దీనికంటె బలమైనవి ఎ విటమిన్‌కు సంబంధించిన మందులు. ఇవి మృతకణములు ఒకదానికొకటి అంటుకొనకుండ చేసి, బిరడా పుట్టుటనే ఆపును. వీనిలో ట్రెటినాయిన్ మొటిమలపై పనిచేయునని 1969లో ఫిలడెల్ఫియా నగరమున ఆల్బర్ట్ క్లిగ్మన్, ఆయన సహచరులు ప్రకటించిరి. ఆ పరిశోధకుని కీర్తితోపాటు, హోమ్స్‌బర్గ్ చెరసాలలో ఖైదీలపై జరిపిన ప్రయోగముల అపకీర్తియు చరిత్రలో నిలిచియున్నది. తరువాత వచ్చిన అడాపలీన్ కొంత సౌమ్యమైనది.

ఈ మందులను వైద్యుని సలహాపై రాత్రిపూట, ముఖమంతటికిని కలిపి బఠాణీగింజంత మాత్రమే పూయవలెను. మొదట రోజు విడిచి రోజు వాడుట మేలు. తొలివారములలో చర్మము పొడిబారి పొట్టు రాలును. పగలు ఎండ తగులకుండ చూచుకొనవలెను. గర్భవతులు వీనిని వాడరాదు. ఫలితము కనబడుటకు రెండు మూడు నెలలు పట్టును. పదిరోజులు వాడి విసిగి మానినవారే 'మందు పనిచేయలేదు' అనుచుందురు. త్వరపడి తీయించుకొనదలచినచో, చర్మవైద్యుడు చుక్కను మెత్తబరచి, శుభ్రమైన పరికరముతో తీయగలడు.

మరి రెండు సందేహములు తీర్చి ముగింతుము. ముక్కుపై వరుసగా కనబడు బూడిదరంగు సన్నని చుక్కలన్నియు బ్లాక్‌హెడ్స్ కావు. వానిలో చాలభాగము, రంధ్రములలో సహజముగా నిండియుండు జిడ్డుపోగులు. అంటించి లాగు పట్టీలతో వానిని తీసినను కొన్ని వారములలో తిరిగి నిండును. వానిని అట్లే విడుచుట ఉత్తమము. రెండవ సందేహము వృద్ధుల విషయము. ఏండ్ల తరబడి ఎండలో పనిచేసిన తాతగార్ల కన్నుల ప్రక్కన పెద్ద నల్లచుక్కలు గుంపుగా కనబడుట ఉన్నది. అది యౌవనపు జిడ్డు కాదు, ఎండ చేసిన పని. పొగత్రాగువారిలో మరింత ఎక్కువ. వారిని సైతము వైద్యునకు చూపుటయే మంచిది.

ఆనాటి అమ్మాయి పాట చక్కగా పాడినది. పెళ్ళిచూపుల సంగతి మేము అడుగలేదు. ఆడపిల్ల ముక్కుపై చుక్కను వెదకు కన్నులు మన ఇండ్లలో ఉన్నంతకాలము పిన్నులు, గోళ్ళు, క్రీములు తమ పని చేయుచునే ఉండును. అద్దము ముందు నిలిచిన పిల్లను చూచి "ముఖము కడుగుకోవటం చేతకాదా?" అని గద్దించుటకు బదులు, "ఇది మురికి కాదమ్మా, వయసు, నిదానముగా పోవును" అని చెప్పగల పెద్దవారు ఇంటికొకరున్నచో అమ్మాయిలకు ఎంతో ఊరట. ఆ మాట చెప్పి, తలపిన్నును తలలోనే ఉండనిండు.