మీకు తెలుసా? పాలీహౌస్‌కు నేలే ఏసీ

● గుజరాత్‌లోని కచ్ జిల్లా కొఠారాలో ఒక పాలీహౌస్ కింద 3 మీటర్ల లోతున గొట్టాలు పాతారు. పైన చలైనా ఎండైనా, అంత లోతులో మట్టి 27 డిగ్రీల దగ్గరే నిలకడగా ఉంటుంది. లోపలి గాలిని ఫ్యాన్‌తో ఆ గొట్టాల్లో తిప్పితే, చలికాలపు రాత్రి 9 డిగ్రీలకు పడిపోయిన పాలీహౌస్ అరగంటలో 22, 23 డిగ్రీలకు వచ్చేసింది. ఎండలు ముదిరాక అవే గొట్టాలు వేడిని మట్టిలోకి దింపాయి; అప్పుడు పైన నీడ కూడా వేయాల్సి వచ్చిందనుకోండి. అహ్మదాబాద్ ఐఐఎం ఆచార్యులు గిరిజా శరణ్ బృందం చేసిన పని ఇది. ఇంధనం అక్కర్లేదు, ఫ్యాన్ తిరిగేంత కరెంటు చాలు. మన రైతులకు ఇంతకంటే పనికొచ్చే ప్రయోగం మరొకటి నాకు కనబడలేదు.

● ఐస్‌లాండ్‌లో 1924 నుంచే వేడినీటి ఊటలతో గాజు ఇళ్లను వెచ్చబరుస్తున్నారు. బయట మంచు, లోపల టమాటా, దోస.

● నెదర్లాండ్స్ రైతులు ఎండాకాలపు వేడిని చలికాలానికి దాచుకుంటారు. భూగర్భంలోని ఇసుక పొరల నుంచి చల్లటి నీరు తోడి గాజు ఇంటిని చల్లబరుస్తారు. ఆ క్రమంలో వేడెక్కిన నీటిని మరో బావిలోకి పంపిస్తారు. చలి మొదలయ్యాక దాన్నే పైకి తోడి, హీట్ పంప్ సాయంతో వాడుకుంటారు.

● ఉత్తర చైనాలో ఆ హీట్ పంపూ లేదు. ఉత్తరాన మందపాటి మట్టి గోడ, దక్షిణాన ప్లాస్టిక్ కప్పు. పగలు గోడ పట్టిన వేడే రాత్రి మొక్కలను కాస్తుంది. పొద్దుగూకగానే కప్పు మీద గడ్డిచాపలు పరుస్తారు.

● ఆస్ట్రేలియాలోని పోర్ట్ అగస్టాలో 2016లో మొదలైన టమాటా క్షేత్రం 20 హెక్టార్లు. 23,000కు పైగా అద్దాలు ఎండను ఒక టవర్ కొనమీదికి మళ్లిస్తాయి. ఆ వేడితోనే సముద్రపు నీరు మంచినీరవుతుంది, చలి రోజుల్లో మొక్కలకు వెచ్చదనమూ అందుతుంది.

● ఒక లీటరు నీరు ఆవిరవుతూ లాక్కునే వేడి ఎంతో తెలుసా? మరో లీటరు నీటిని 0 నుంచి 100 డిగ్రీలకు కాచడానికి పట్టే వేడికి 5 రెట్లకు పైనే. పాలీహౌస్‌లో తడి ప్యాడ్, ఫ్యాన్ చేసే పని అదే. అనంతపురం పొడి ఎండల్లో ఇది బాగా చల్లబరుస్తుంది. కాకినాడ ఉక్కపోతలో అంత ఫలితముండదు, గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది కాబట్టి. ఆ ఫ్యాన్లకు సోలార్ కరెంటు చక్కగా కుదురుతుంది: ఎండ ఎక్కువున్నప్పుడే చలవా కావాలి, కరెంటూ అప్పుడే పుడుతుంది.