విభజనానంతరము

శ్రీకాకుళము జిల్లాలోని నిమ్మాడ కూడలినుండి జాతీయ రహదారివెంట పలాస, ఇచ్ఛాపురములు దాటి ఒడిశాలోని గంజాం జిల్లా ప్రవేశించినచో, దానికి వాయవ్యమున కొండసీమయైన కంధమాల్ కలదు. అచ్చటి జగ్గా, కాలియా అను అవిభక్త కవలలను, తలలు కలిసి జన్మించినవారిని, 2017 అక్టోబరు 25న ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు వేరుచేసిరి. లోకము విభజననే కొనియాడినది గాని, రెండు తలలయందును ఏర్పడిన విశాలమైన లోటును చర్మముతో కప్పుటయే మిక్కిలి దుష్కరమైనదని అందు పాల్గొన్న ప్లాస్టిక్ సర్జను మనీష్ సింఘాల్ చెప్పెను.

ఏలయనగా, తలలు కలిసినచోట ఇరువురికిని పుర్రెయు లేదు, చర్మమును లేదు. విడదీసిన క్షణమున మెదళ్ల పైపొరలు బట్టబయలగును. తొడనుండి పలుచగా తీసి అతికించు చర్మము అడుగున నున్న కణజాలమునుండి రక్తము పీల్చియే బ్రతుకును గావున, వట్టి ఎముకపై నిలువదు. అట్టిచోట ఒక అంచు దేహమును విడువక, తన రక్తనాళములతోనే తిరిగివచ్చి కప్పెడి ‘ఫ్లాప్’ కావలెను. తెగిన ముక్కు కొలతకు ఆకు కత్తిరించి, అంతటి చర్మమును చెక్కిలినుండి మలచుమని సుశ్రుతుడు ఏనాడో చెప్పియున్నాడు. అయితే ముక్కుకు పక్కనే చెక్కిలి యున్నది; రెండు తలలకు సరిపడు చర్మమెక్కడిది?

గర్భిణి ఉదరచర్మము నెలనెలకు పెరుగుట చూచినవారికి దీని ఉపాయము వింతగా తోచదు. నెత్తిచర్మము క్రింద సిలికోను సంచులమర్చి, కొన్ని వారములపాటు సూదితో సెలైను నింపుచుండగా, చర్మము సాగుటయేగాక నిజముగనే పెరుగును. 2011లో లండను గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రిలో తలలు కలిసి పుట్టిన సూడాను కవల శిశువులను విడదీయుటకు ముందు ఈ సంచులమర్చుటకే ఒక శస్త్రచికిత్స చేసిరి. ఆ ఆసుపత్రి వైద్యులే 2015లో హైదరాబాదు వచ్చి అట్లే తలలు కలిసి పుట్టిన మన వీణా-వాణీలను పరీక్షించిరి; ప్రాణాపాయము అధికమను భయమున ఆ కార్యము సాగలేదు. అక్కచెల్లెండ్రు కలిసియే 2020లో పదవ తరగతి ఉత్తీర్ణలైరి. దీనిని వైద్యుల ఓటమి యనుటకు నాకు మనసొప్పదు.

విభజన జరిగినవారికైనను పుర్రెలేనిచోటును కాపాడుకొనుట, కొంతకాలమునకు అచ్చట ఎముకను గాని కృత్రిమ ఫలకమును గాని అమర్చుట, పుండ్లుపడకుండ చూచుకొనుట ఏండ్ల తరబడి సాగు పనులు. జగ్గా, కాలియాలు 2019లో ఒడిశాకు మరలిరి. 2020 నవంబరులో కాలియా కటకము ఆసుపత్రిలో మరణించెను.