ఎక్వబుల్ అంటే చల్లన కాదు

బెంగళూరు వాతావరణాన్ని ఇంగ్లీషులో 'ఎక్వబుల్' అంటారు. చల్లనిదని చాలామంది అర్థం చెప్పుకుంటారు, సరికాదు. ఎండకూ చలికీ నడుమ అంతరం తక్కువని దాని భావం. సుమారు 920 మీటర్ల ఎత్తు ఇక్కడి వేసవిని అణుస్తుంది. ఉష్ణమండలంలో ఉండటం చలిని ముదరనివ్వదు. అనంతపురం ఎండ ఎరిగినవారికి వేరే చెప్పాలా?

మనిషికి వాడితే, పొగిడితే పొంగక, తిడితే కుంగక ఉండేవాడని. 'నిబ్బరం' అనబోతాం గానీ, అది ఆపద వేళ మాట. ఇది రోజువారీ గుణం. 'నిలకడైన స్వభావం' అంటే నయం.

సిఫారసు ఉత్తరాలు రాసేవారు మాత్రం జాగ్రత్త. నడుమ 'ట' చేరి 'ఎక్విటబుల్' అయిందా, పక్షపాతం లేనివాడని అర్థం. కోపమెరుగని పెద్దమనిషి తగవులో ఒక పక్షానికి మొగ్గవచ్చు. ధర్మంగా తీర్పు చెప్పినాయన ఇంటికొచ్చి చెంబు విసరవచ్చు.