రెండో దారి ఉందా?

2022 జులైలో గోదావరి పొంగినప్పుడు మా ఇంట్లో రెండు రోజులు ఎవరికీ అన్నం సయించలేదు. మేముండేది ఖమ్మంలో. మా ఆడపడుచు ఉండేది భద్రాచలం దాటి, చర్ల వైపు. భద్రాచలం దగ్గర 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ ఏడు నీళ్లు 71.3 అడుగులకు చేరాయి. 1986లో వచ్చిన 75.6 అడుగుల వరద తర్వాత అంత పెద్దది అదే. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. "ఎలా ఉన్నారు?" అని నేను వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్‌కి ఒకే ఒక్క టిక్కు. రెండోది పడదే!

"అమ్మా, అది ఎక్కడ ఆగిపోయింది?" అంది మా అమ్మాయి. డిగ్రీ చదివినదాన్నే, అయినా జవాబు చెప్పలేకపోయాను. తర్వాత తీరిక చేసుకుని తెలుసుకున్నాను. తీరా చూస్తే అంతా మనకు తెలిసిన సంగతులే!

మనం పంపే ఫోటో ఒకే ముక్కగా వెళ్లదు. చిన్న చిన్న ముక్కలవుతుంది. వాటినే ప్యాకెట్లంటారు. ఆడపిల్లకి సారె పంపేటప్పుడు సామానంతా అట్టపెట్టెల్లో సర్ది, ఒక్కోదాని మీద నంబరూ అడ్రసూ రాసి, దొరికిన బస్సులో వేసినట్టన్నమాట. ఒక పెట్టె కొత్తగూడెం మీదుగా, ఇంకొకటి ఇల్లందు మీదుగా వెళ్లినా ఫరవాలేదు. అవతలివాళ్లు నంబర్ల వరసన పేర్చుకుంటారు. ఏడో పెట్టె అందినట్టు కబురు రాకపోతే దాన్ని మళ్లీ పంపుతాం. ప్యాకెట్ల తీరూ ఇంతే.

మరి దారి చూపేదెవరు? కూడలి కూడలికీ రూటర్ అనే యంత్రం ఉంటుంది. దానికి మొత్తం దారి తెలియనక్కర్లేదు. తరువాతి మలుపు తెలిస్తే చాలు. 1972లో వచ్చిన మన పిన్‌కోడ్‌నే చూడండి. భద్రాచలం పిన్ 507111. ఢిల్లీలో ఉత్తరాలు వేరుచేసేవాళ్లకి భద్రాచలం గోదావరికి ఏ ఒడ్డున ఉందో తెలియాలా? 5 చూసి దక్షిణాది వైపు పంపితే, 50 చూసి తెలంగాణకీ, 507 చూసి ఖమ్మం వైపుకీ ఆ తర్వాతివాళ్లు చేరుస్తారు. ఇంటర్నెట్‌లో ఐపీ అడ్రస్ అనేది ఇలాంటి అంకెల చిరునామానే. దాని ముందు భాగం చూసి రూటర్ ప్యాకెట్‌ని అటు తోస్తుంది.

దారి మూసుకుపోతే రూటర్‌కి ఎలా తెలుస్తుంది? ఇరుగుపొరుగు కబుర్ల వల్లే! బోరింగు దగ్గర "మా వైపు వాగు పొంగింది, అటు పోకండి" అని ఒకరికొకరం చెప్పుకోమూ? రూటర్లూ పక్క రూటర్లతో అలాగే చెప్పుకుంటాయి. వెంటనే చుట్టుదారి పట్టిస్తాయి. దారి తప్పిన ప్యాకెట్లు కలకాలం తిరక్కుండా ప్రతిదాని మీదా ఒక అంకె వేసి ఉంటుంది. రూటర్ దాటినప్పుడల్లా అందులో ఒకటి తగ్గుతుంది. సున్నా అయితే ఆ ప్యాకెట్‌ని పారేస్తారు.

ఇక్కడ ఒకావిడ గురించి చెప్పాలి. ర్యాడియా పెర్ల్‌మన్ అనే అమెరికన్ ఇంజనీరు. ఒక ఆఫీసులోనో కాలేజీలోనో కంప్యూటర్లని కలిపేటప్పుడు, దారులు ఎక్కువైతే ముక్కలు గానుగెద్దుల్లా గుండ్రంగా తిరిగే చిక్కొకటి వచ్చిపడుతుంది. 1985లో ఆవిడ దానికి ఉపాయం కనిపెట్టారు. అదనపు దారుల్ని యంత్రాలే తమలో తాము తేల్చుకుని మూసి ఉంచుతాయి. వాడే దారి తెగితే, మూసినదాన్ని తెరుస్తాయి. పోపులడబ్బాలో మనం దాచుకునే డబ్బులాంటిదే! రోజూ అక్కరకు రాదు కానీ, లేకపోతే గడవదు.

మా అమ్మాయి ప్రశ్నకి జవాబూ దొరికింది. ఒక టిక్కు పడిందంటే మెసేజ్ మా ఇంటినుంచి బయటపడి, ఆ కంపెనీ కంప్యూటర్‌కి చేరిందని. అక్కడినుంచి మా ఆడపడుచు ఫోన్‌కి వెళ్లే దారే లేక కాచుకుని కూర్చుంది. మూడోరోజు పొద్దున రెండో టిక్కు పడింది. కాసేపటికి "బాగున్నాం వదినా" అని జవాబు. ఇంట్లో అప్పుడు పొయ్యి వెలిగించాను.

తర్వాత ఆవిడ వచ్చినప్పుడు ఈ కబుర్లన్నీ చెబితే నవ్వింది. "ఇన్ని దారులు మీకు వదినా, మాకున్నది ఒకటేగా! మొన్న రోడ్డు పనికి తవ్వితే తీగ తెగింది. రేషన్ షాపులో వేలిముద్ర పడక ఆడవాళ్లం పొద్దస్తమానం కూర్చున్నాం. ఆ రోజు కూలి పోయింది" అంది.

నా నోట మాట రాలేదు. ఒకే దారి ఉన్నచోట ఎంత తెలివైన రూటరైనా ఏం చేస్తుంది? పంచాయతీలకు ఫైబర్ తీగ వెయ్యాలని కేంద్రం 2011లోనే తలపెట్టింది. ఇప్పుడది భారత్‌నెట్. తీగ రావడం మంచిదే. కానీ బియ్యానికీ, పిల్లల చదువుకీ, ఆపదలో కబురుకీ ఆ ఒక్క తీగే ఆధారమైనప్పుడు, అది తెగితే ఎలా? గోదావరి మీద పాత వంతెన పక్కన రెండో వంతెన కట్టుకున్నాం కదా. తీగకైనా అంతే.

ఈసారి గ్రామసభకి వెళ్తే మంచినీళ్లూ, రోడ్డూ అడుగుతారుగా. వాటితోపాటు ఇదీ అడగండి: "మా ఊరికి రెండో దారి ఉందా?"