గ్రామీ బహుమతులు – ప్రేక్షకుల కోపతాపాలు

గత వార్షికోత్సవమునాడు పాటల పోటీకి న్యాయనిర్ణేతలుగా కూర్చున్న ముగ్గురిలో మేమూ ఒకరము. ప్రథమ బహుమతి ప్రకటింపగానే సభలో చప్పట్లకు బదులు గుసగుసలు వినవచ్చినవి. అందరి మెప్పూ పొందిన గాయకుడు ఒకడు, బహుమతి అందుకొన్నది మరొకరు. మరునాడు తరగతిలో ఒక విద్యార్థి లేచి, "సార్, విన్నది మూడువందల మంది, తీర్పు చెప్పినది ముగ్గురు. ఇదేమి న్యాయం?" అని అడిగినాడు. అప్పుడు మేము తగిన సమాధానము చెప్పలేకపోతిమి. ఇదే ప్రశ్న ఏటేటా అమెరికాలో టెలివిజన్ ముందు కూర్చున్నవారిలోనూ చెలరేగుచున్నది. కనుక ఆ కథను ఇచట వివరింపదలచితిమి.

గ్రామఫోను పేరుమీదుగా వచ్చిన గ్రామీ బహుమతుల ప్రదానము 1959లో మొదలైనది. 1971 నుండి ఆ సభను టెలివిజన్‌లో ప్రత్యక్షముగా చూపుచున్నారు. చిక్కు అక్కడనే ఉన్నది. తీర్పు చెప్పునది గాయకులు, స్వరకర్తలు, శబ్దగ్రాహకులు మొదలగు వృత్తినిపుణులు. వీరి సంఖ్య 2024 నాటికి 13,000 పైచిలుకు. చూచువారు కోటికి పైబడినవారు, వారికి వోటు లేదు. ఎన్ని రికార్డులు అమ్ముడుపోయినవన్న లెక్కకు కూడ నియమావళిలో చోటు లేదు. అయినను తమ అభిమాన గాయకునికి బహుమతి రానప్పుడు, తమ వోటునే ఎవరో దొంగిలించినట్లు ప్రేక్షకుడు బాధపడును.

నిపుణులు మాత్రము పొరబడరా? 1989లో హార్డ్ రాక్, మెటల్ సంగీతమునకు తొలిసారిగా ఒక బహుమతి నెలకొల్పినారు. అది మెటాలికా బృందమునకే దక్కునని అందరి నమ్మకము. ఆ బృందము అదే వేదికపై పాడినది కూడ. తీరా కవరు విప్పి చూడగా అందులో ఉన్నది జెత్రో టల్ పేరు! ఆ బృందనాయకుని ప్రధాన వాద్యము వేణువు. వారు సభకు రానేలేదు. సభలో ఎగతాళి కేకలు లేచినవి. ఆ కొత్త సంగీతముతో పరిచయము లేని సభ్యులు తమకు తెలిసిన పాత పేరుకు వోటు వేసియుందురని మా ఊహ. మరుసటి సంవత్సరమే ఆ విభాగమును రెండుగా చీల్చిరి. 1990లో మెటల్ బహుమతి మెటాలికాకు లభించినది.

ప్రేక్షకుడు కూడ తప్పు చేయును. 2011లో ఉత్తమ నూతన కళాకారిణిగా జాజ్ వాద్యకారిణి ఎస్పెరాంజా స్పాల్డింగ్ ఎన్నికైనది. జస్టిన్ బీబర్ అభిమానులలో కొందరు ఆమెను గూర్చిన వికీపీడియా పుటలో దూషణలు వ్రాసిరి. ఆమె సంగీతమును వారిలో ఎందరు విన్నారో! వినకుండ చెప్పిన తీర్పు, చెప్పినవారు లక్షలమందైనను, తీర్పు కాజాలదు.

మరి ప్రేక్షకుడు టెలివిజన్‌లో చూచునది ఎంత? 2024లో మొత్తము 94 విభాగములు ఉండగా, అధికభాగమును సాయంకాలపు ప్రసారమునకు ముందే పంచివేసిరి. ఆనాడు ఉస్తాద్ జాకిర్ హుస్సేన్ అందుకొన్న మూడు బహుమతులూ అట్లు ముందుగా ఇచ్చినవే. 2022లో పాకిస్తాన్ గాయని అరూజ్ ఆఫ్తాబ్‌కు 'మొహబ్బత్' పాటకై బహుమతి వచ్చినది. ఆ పాటకు మూలము హఫీజ్ హోషియార్‌పురీ ఉర్దూ గజల్. గజల్ ప్రియులెవరైనను ఆ రాత్రి ప్రధాన ప్రసారము ఎదుట కూర్చుండియుంటే, ఆ శుభవార్త తెలియక నిద్రపోయియుందురు. ముషాయిరాలో ఈ బెడద లేదు. అక్కడ శ్రోత 'వాహ్ వా' అన్న క్షణముననే కవికి బహుమతి ముట్టినట్లే.

ప్రేక్షకుల అలక వట్టిది కాదు. 2012 సభను దాదాపు 4 కోట్లమంది చూచిరి. అంతకు ముందురోజే గాయని విట్నీ హ్యూస్టన్ మరణించుటయే అందుకు ముఖ్యకారణము కావచ్చును. వచ్చినవారిలో అనేకులు బహుమతులకు గాక దుఃఖము పంచుకొనుటకు వచ్చిరి. 2021 నాటికి ఆ సంఖ్య కోటి లోపునకు తగ్గినది. కరోనా ఒక హేతువు, మరి అపనమ్మకమో? ఎంతో ప్రచారము పొందిన 'బ్లైండింగ్ లైట్స్' పాట పాడిన ది వీకెండ్ అను గాయకునికి ఆ ఏడు ఒక్క ప్రతిపాదనయు దక్కలేదు. తుది జాబితాలను తీర్చుచున్న రహస్య సంఘములను అతడు బాహాటముగా నిందించినాడు. ఆ ఏప్రిల్‌లోనే అకాడమీ ఆ సంఘములను చాలవరకు రద్దుపరచినది. ఒక సభ్యుడు ప్రధాన విభాగములు గాక పదింటికి మించి వోటు వేయరాదనియు నిర్ణయించినది. తెలియని రంగములో వోటు వేయరాదన్న బుద్ధి 1989లోనే కలిగియుంటే బాగుండెడిది. 2025లో ది వీకెండ్ మరల ఆ వేదికపై పాడినాడు.

మా విద్యార్థికి ఇప్పుడు చెప్పగల సమాధానము ఇది. ఆనాడు మేము శ్రుతికి, ఉచ్చారణకు, భావమునకు విడివిడిగా మార్కులు వేసితిమి. బహుమతి పొందిన అమ్మాయి శ్రుతిలో మిన్న. సభ మెచ్చిన అబ్బాయి భావములో మిన్న, కాని రెండుచోట్ల శ్రుతి తప్పినాడు. ఆ కాగితమును మేము ఎవరికిని చూపలేదు, అది మా తప్పే. వచ్చే ఏడాది పోటీ ముగిసిన వెంటనే మార్కుల పట్టికను నోటీసు బోర్డుపై అంటించుటకు అనుమతింపవలసినదిగా కళాశాల కమిటీవారిని కోరుచున్నాము.