అడవి టర్కీ వేటకు అదను

సేద్యానికి అదను ఎలాగో వేటకూ అలాగే. అమెరికాలో వసంతకాలంలో సాగే అడవి టర్కీ కోడి వేట సంగతే చూడండి.

అక్కడి వేటగాడు పక్షి వెంట పడడు. చెట్టుకు వీపు ఆనించి, కదలకుండా కూర్చుని, పెట్టలా కూస్తాడు. జత కోసం పుంజే వెతుక్కుంటూ రావాలి. పూర్వం మన పల్లెల్లో పంజరంలోని కౌజు కూతతో అడవి కౌజులను రప్పించేవారు కదా, ఆ కిటుకే ఇది. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఇప్పుడు ఇక్కడ ఆ పని నేరం.

అయితే కూసినప్పుడల్లా పుంజు రాదు. ఎందుకని? మొదటిది గాలి. గాలి లేని వేకువన కూత చాలా దూరం పోతుంది. గాలి హోరులో వినపడదు. ఈదురుగాలికీ వానకూ టర్కీలు అడవి విడిచి, చుట్టూ కనబడే బయళ్లలోకి వస్తాయి. రెండోది పెట్టలు. అవి పక్కనుంటే పుంజు కదలదు. పొద్దెక్కి పెట్టలు నేలమీది గూళ్లకు పోయాక, ఒంటరి పుంజు పిలుపుకు పలుకుతుంది. మూడోది ఆకు. ఆకు దట్టమైతే కూత మందగించి, దగ్గరి పక్షి కూడా దూరాన ఉన్నట్టు తోస్తుంది.

ప్రమాదమంతా ఇక్కడే ఉంది. ఆ కూసేది మరో వేటగాడు కావచ్చు! అందుచేత కూత వైపు పాకుతూ పోకూడదు. పుంజు తలమీద కనిపించే ఎరుపు, తెలుపు, నీలం రంగు బట్టలు తొడగకూడదు. పక్షిని స్పష్టంగా చూడందే తుపాకీ పేల్చకూడదు.

ఇంకొక మాట. వసంతంలో సాధారణంగా పుంజులనే కాల్చనిస్తారు. విత్తనపు గింజలు మనం తినం కదా! అలాగే గుడ్లు పెట్టే పెట్టలను వదిలేస్తారు.